అక్క గొంతుకు కాపలా

నాటకాల వాళ్ళలో అతన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. పెట్టె మావయ్య అనేవాళ్ళు. హార్మోనియం వాయిస్తాడు కాబట్టి పెట్టె. ఎవరు ఏమన్నా ఓ చిన్న నవ్వు నవ్వి ఊరుకుంటాడు కాబట్టి మావయ్య. నోట్లో నాలుక లేని మనిషి. "వాడి నాలుకలు వాడి నోట్లో లేవర్రా, ఆ పెట్టెలో ఉన్నాయి, ఇత్తడివి" అని, పెట్టె లోపల స్వరం పలికే ఇత్తడి రేకుల్ని ఉద్దేశించి, తబలా ఆయన హాస్యమాడేవాడు.

అక్క మాత్రం చిన్నోడా అనేది. అతనికి అరవై దాటాక కూడా, నలుగురిలోనూ, వేదిక మీద నుంచీ చిన్నోడా అనే పిలిచేది.

వాళ్ళమ్మ ఒక నాటకాల కంపెనీకి వేషాల బట్టలు కుట్టేది. ఆమె పోయేనాటికి అక్క అప్పుడప్పుడే వేషాలు కడుతోంది, వీడు ఇంకా నిక్కర్ల పిల్లవాడు. కంపెనీ యజమాని అక్కని కంపెనీలో ఉండనిస్తానన్నాడు గానీ, పిల్లాడితో తనకేం పనన్నాడు. అక్క రెండు చేతులూ కట్టుకుని, "వాడికీ ఓ పని చూడండి. లేకపోతే నేను పాడను" అంది. "వాడికేం వచ్చు?" అన్నాడాయన. "వస్తుంది" అంది అక్క. ఆ వేసవంతా తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత దగ్గరగా కూర్చోబెట్టుకుని, వాడి వేళ్ళ మీద తన వేళ్ళు వేసి, పెట్టె నేర్పింది. తనకి వచ్చినదంతా వాడికి ఇచ్చేశాక మళ్ళీ ఆ పెట్టె ముట్టుకోలేదు. "పెట్టె వాడిది, గొంతు నాది. వాటాలు పంచేసుకున్నాం" అనేది.

వేదికకి కుడిపక్క, తెర మడత వెనకాల, కాళ్ళు కుదరని ఒక బల్ల ఉండేది. పెట్టె, తబలా, ఫిడేలు అక్కడ. అక్కణ్ణుంచి పాత్రల వీపులు కనిపించేవి. పాత్రలకి మాత్రం ఆ బల్ల కనిపించేది కాదు. పెట్టె మావయ్య జీవితంలో నలభై ఏళ్ళు ఆ బల్ల మీదే గడిచాయి. అతనికి పెళ్ళి కాలేదు. అక్క రెండు సంబంధాలు తెచ్చింది గానీ, "పెట్టె వాయిస్తాడు సరే, ఇంకేం చేస్తాడు?" అన్న ప్రశ్న దగ్గరే రెండూ ఆగిపోయాయి. అక్క భర్త తెరలకి బొమ్మలు వేసేవాడు. ఆయనా తొందరగానే పోయాడు. ఇస్త్రీ దుకాణం పైన రెండు గదుల్లో అక్కాతమ్ముళ్ళు మిగిలారు. కింద బొగ్గుల వేడికి పై గది నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది.

పెట్టె మీద తెల్లమెట్లని ఒకటి, రెండు అని లెక్క పెడతారు. మధ్యలో నల్లవి అర మెట్లు, నాలుగున్నర, ఐదున్నర అని. గాయకులు ఏ మెట్టు నుంచి ఎత్తుకుంటే అది వాళ్ళ శ్రుతి. ఆడగొంతు ఐదులో పాడితేనే గట్టిదంటారు. అక్క ఆరులో పాడేది. నది ఒడ్డున పడవ కోసం ఎదురుచూసే రాణి నాటకంలో, చివరి పాటలో ఆమె ఆరులో ఎత్తుకుంటే, మైకులు లేని రోజుల్లో, బయట సోడాలు అమ్ముకునేవాళ్ళు కూడా చేతిలో సీసా చేతిలోనే పట్టుకుని నిలబడేవాళ్ళు. అది ఆమె గర్వం. ఆమెకి ఉన్న ఒకే ఒక గర్వం. "శ్రుతి దిగిన రోజున రంగు కడుక్కుని ఇంట్లో కూర్చుంటాను. దిగి పాడటమంటే జనాన్ని మోసం చేయడమే" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

ఒకనాడు ఆమెకి ఒళ్ళు వెచ్చబడింది. ఆట మానేసే వీలు లేదు. పెట్టె మావయ్య చెయ్యి ఆరో మెట్టు మీదకి వెళ్ళి, ఎందుకో ఆగి, పక్కనున్న నల్లమెట్టు మీద వాలింది. ఐదున్నర. తబలా ఆయన ఒక్కసారి కళ్ళెగరేసి చూసి, సుత్తి తీసుకుని కుడి తబలాని రెండు దెబ్బలు దించుకున్నాడు. ఫిడేలు ఆయన బిరడాలు తిప్పుకున్నాడు. అక్క పాడింది. ఆట అయ్యాక రంగు తుడుచుకుంటూ, "చూశావురా చిన్నోడా, జ్వరంలో కూడా గొంతు ఎలా పలికిందో" అంది. ఆ ముఖం చూసి అతనికి నిజం చెప్పాలనిపించలేదు. రేపు మళ్ళీ ఆరుకి వెళ్ళిపోదాం, ఇక చెప్పడం దేనికి అనుకున్నాడు.

"ఒరే, మెట్టు దిగిన గొంతు మళ్ళీ ఎక్కదురా" అన్నాడు తబలా ఆయన.

"ఎక్కుతుంది బావా, జ్వరం తగ్గనీ."

"జ్వరం ఆవిడకి తగ్గుతుంది. నీకు తగలుకుంది."

అన్నట్టే అయింది. మర్నాడు ఆరు వేయబోతే, పై స్వరం దగ్గర అక్క మెడనరం తాడులా బిగుసుకోవడం అతనికి వెనక నుంచి కనిపించింది. మళ్ళీ ఐదున్నరకే వచ్చాడు. కొన్నేళ్ళకి ఐదు, మరికొన్నేళ్ళకి నాలుగున్నర, చివరికి నాలుగు. ప్రతిసారీ ఆ మూల కూర్చున్న ముగ్గురికే తెలిసేది. ముగ్గురూ గుట్టుగా వాద్యాలు దించుకునేవాళ్ళు. అక్కకి వాళ్ళ వేళ్ళు కనిపించవు, ఆమెకి జనం కనిపిస్తారు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. కంపెనీ మూతపడ్డాక ఇంట్లోనూ అంతే. సాయంత్రం ఆమె మేడమెట్ల వైపు తలుపుకేసి తిరిగి కూర్చునేది, అతను వెనకాల నాలుగులో అందుకునేవాడు. తబలా ఆయన పోయాడు. ఫిడేలు ఆయనకి చూపు పోయి, ఊరు మారిపోయి, తరవాత కబురు కూడా లేదు. రహస్యం పెట్టె మావయ్య ఒక్కడి దగ్గర మిగిలిపోయింది.

ఇలా ఉండగా, ఒక కుర్ర దర్శకుడు వాళ్ళ గదులు వెతుక్కుంటూ వచ్చాడు. కళ్ళజోడు మనిషి, మర్యాదస్తుడు. వేడి నేల మీద చొక్కా తడిసిపోతున్నా లేవకుండా కూర్చుని, ఆ రాణి నాటకం మళ్ళీ వేయాలనుకుంటున్నానన్నాడు. కుర్ర రాణి వేషానికి ఒక అమ్మాయి దొరికిందట. చివరి అంకంలో ముసలి రాణి ఒంటరిగా ఒడ్డున కూర్చుని ఆ పాట పాడాలి. దానికి అమ్మగారు తప్ప ఇంకెవరూ పనికిరారన్నాడు.

అక్క వెంటనే సరే అనలేదు. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఇంకోటమ్మా. పక్కవాద్యాల బల్ల ఉండదు. పాత్రలే వాయిద్యాలు వాయిస్తాయి. పడవవాడు వేణువు, కుర్ర రాణి ఫిడేలు, భటుడు డోలు. వేదిక మీద ఉన్న ప్రతివాళ్ళూ పాత్రే, ప్రతివాళ్ళూ వాద్యమే."

"మరి వీడో?" అంది అక్క, తమ్ముడికేసి చూపించి.

"మావయ్యగారు మా అందరికీ నేర్పాలి. ఆ బాణీలు ఇంకెవరికీ రావు కదండీ."

అక్క ముఖం విచ్చుకుంది. "అయితే ముసలి రాణి చేతిలో పెట్టె ఉంటుంది. నేనే వాయించుకుంటాను. వాడికి నేర్పింది ఎవరనుకున్నావు బాబూ?"

పెట్టె మావయ్యకి నేల వేడి ఒక్కసారిగా వెన్నులోకి పాకింది.

ఆ వారమంతా అతను కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. అక్క చెయ్యి పెట్టె మీదకి వెళితే ఎక్కడ వాలుతుందో అతనికి తెలుసు. కళ్ళు మూసుకున్నా ఆరో మెట్టు మీదే. "అక్కా, నీకు మోకాళ్ళ నొప్పులు, పెట్టె ముందు అంతసేపు ఎలా కూర్చుంటావు?" అన్నాడు. "పెట్టె మోకాళ్ళతో వాయిస్తారట్రా?" అంది. చివరికి దర్శకుడి దగ్గరికి వెళ్ళి, ముసలి రాణికి ఒక నౌకరు ఉంటే బాగుంటుంది కదా, ఆ నౌకరు పెట్టె వాయిస్తే బాగుంటుంది కదా అని నసిగాడు. ఆ మాత్రం అడగడానికి అతనికి రెండు రోజులు పట్టింది.

దర్శకుడికి ఆలోచన నచ్చింది. కాకపోతే ఊరికే కూర్చుని వాయిస్తే కుదరదు, పాత్ర అన్నాక ఒక మాటైనా ఉండాలన్నాడు. ఒకే మాట రాసిచ్చాడు: "మహారాణీ, పడవ వచ్చింది."

రిహార్సల్ ఒక మూతపడ్డ బిస్కెట్ల గోదాంలో. ఎండ ఎక్కితే గోడల్లోంచి తీపి వాసన వచ్చేది. గచ్చు మీద సుద్దతో నది గీశారు. పెట్టె మావయ్య ఆ సుద్దగీత దాకా నడిచాడు. అందరూ అతనికేసే చూస్తున్నారు. జన్మలో అతన్ని అంతమంది ఒకేసారి ముఖంలోకి చూడటం అదే మొదలు. నోరు తెరిచాడు. శబ్దం రాలేదు.

"మెల్లిగానే అనండి మావయ్యగారూ, పర్లేదు" అన్నాడు దర్శకుడు.

మళ్ళీ ప్రయత్నించి, "పడవా, మహారాణి వచ్చింది" అన్నాడు.

గోదాం ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది అక్క. "తెర వెనక తుమ్మడానికే భయపడేవాడివి, నీకెందుకురా ఈ వేషాలు?" అంది కళ్ళు తుడుచుకుంటూ. అతను మూడోసారి అన్నాడు, నాలుగోసారి అన్నాడు. మాట సరిగ్గా వస్తే గొంతు లేదు, గొంతు వస్తే మాట తారుమారు. దర్శకుడు భుజం మీద చెయ్యి వేసి, "మీరు నేర్పండి, చాలు" అన్నాడు. అతను తల ఊపి గోడవారగా వెళ్ళి నిలబడ్డాడు. అంతమంది నవ్వినందుకు అతనికేం బాధ లేదు. ఆ ఒక్క మాట అనగలిగి ఉంటే అక్కని కాపాడుకునేవాణ్ణి కదా అన్నదే బాధ.

ఇక మిగిలింది ఒకటే దారి. కొన్ని పెట్టెలుంటాయి, వాటిలో మెట్ల పలక మొత్తం పక్కకి జరుగుతుంది. మీట వదులు చేసి పలకని ఎడమకి జరిపితే, ఏ మెట్టు నొక్కినా దాని కింది స్వరం పలుకుతుంది. వాద్యాల దుకాణంలో అలాంటిది ఒకటి ఉంటే, తన పాత పెట్టె ఇచ్చేసి దాన్ని మార్చుకొచ్చాడు. పాతది అక్క తన వేళ్ళ మీద వేళ్ళు వేసి నేర్పిన పెట్టె. దుకాణం వాడు దాన్ని అట్టపెట్టెల మీద అడ్డంగా పడేయడం చూసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. మధ్యాహ్నం అక్క నిద్రపోతున్నప్పుడు పలకని జరిపి, ఆరో మెట్టు నొక్కితే నాలుగు పలికేలా పెట్టి, మళ్ళీ కదలకుండా మేకు బిగించాడు.

"పాతదేదిరా?"

"గాలి పోతోందక్కా. మార్చేశాను."

"నాతో ఓ మాట అనద్దూ?" అంది. అంతే. కొత్త పెట్టె ముందు కూర్చుని, ఆరో మెట్టు మీద వేలు పెట్టి, ఎత్తుకుంది. హాయిగా పలికింది. కింద ఇస్త్రీ చేసే మనిషి ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నాడు. "చూశావా, ఈ వయసులోనూ ఆరు" అంది. "చూశానక్కా" అన్నాడు. ఆ పది పదిహేను రోజులూ ఆమె ఇల్లంతా పాడుతూ తిరిగింది. అతని జీవితంలో ఆమె అంత ఆనందంగా ఉండటం ఎప్పుడు చూశాడో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు.

అతను మర్చిపోయింది వేణువుని. తబలాని దించొచ్చు, ఫిడేలుని దించొచ్చు. వెదురుని దించడం ఎవరి తరం? నలభై ఏళ్ళు ఆ మూల వేణువు లేదు కాబట్టి, ఆ ఆలోచనే అతనికి రాలేదు. చివరి పాటలో, కనిపించని పడవ నుంచి వేణువు రాణికి బదులు పలకాలి. పడవవాడి వేషం కట్టే కుర్రాడు మొదట్లోనే అడిగాడట, "అమ్మా, మీ శ్రుతి ఎంత?" అని. "ఆరు" అందట. అతను పెట్టె మావయ్య దగ్గర బాణీ మాత్రం నేర్చుకుని, ఆరు శ్రుతి వేణువు కొనుక్కుని, ఇంట్లో కూర్చుని సాధన చేసుకున్నాడు.

అన్ని వాద్యాలూ కలిపి పాడే రోజు వచ్చింది. అక్క సుద్దనది ఒడ్డున పెట్టె ముందేసుకుని కూర్చుంది. ఎత్తుకుంది. ఒక వరస అయ్యాక గోదాం అవతలి చివర నుంచి వేణువు అందుకుంది. అందరూ ఉలిక్కిపడ్డారు. గాజు మీద మేకు గీసినట్టుంది.

అక్క ఆపి, "నాయనా, నీ వేణువు తప్పు" అంది.

"లేదమ్మా, ఆరేనండి. ఫోన్లో కూడా చూసుకున్నాను."

"నా ఫిడేలూ ఆరుకే కట్టానండీ" అంది కుర్ర రాణి అమ్మాయి, తీగ మీటి వినిపించి. అది వేణువుతో కలిసింది.

"అయితే ఈ కొత్త పెట్టె బుద్ధి ఇది. చిన్నోడా, ఇటు రా."

పెట్టె మావయ్య గోడవార నుంచి కదల్లేదు. అక్క తనే ముందుకి వంగి పెట్టె చూసింది. మెట్ల పలకకి కుడి చివర వేలెడు ఖాళీ. దాని పక్కన కొత్త మేకు. నేర్పినది ఆమే కదా, పెట్టె ఎలా ఉండాలో ఆమెకి చెప్పక్కర్లేదు. "మేకేమిటి ఇక్కడ?" అని, భటుడి వేషంవాడి చేత ఊడదీయించి, పలకని యథాస్థానంలోకి నెట్టింది. ఆరో మెట్టు నొక్కింది. ఫిడేలుతో కలిసింది. తృప్తిగా తల పంకించి, పాట ఎత్తుకుంది.

గొంతు సగంలో చీలిపోయింది.

దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే. ఎవరూ నవ్వలేదు. ఆమె వేలు మెల్లిగా ఆరు మీద నుంచి లేచి పక్కనున్న నల్లమెట్టు మీదకి వెళ్ళింది. పాట మొదటి మాట పాడింది. అందలేదు. ఐదు. అదే మాట. పై స్వరం పట్టు దొరకలేదు. నాలుగున్నర. కొంచెం దగ్గరికొచ్చింది. నాలుగు. అక్కడ గొంతు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. చల్లగా, నిండుగా, నిన్న ఇంట్లో పాడినట్టే పలికింది. అక్క వేలు ఆ మెట్టు మీదే ఉంది. చాలాసేపు తియ్యలేదు. గాలి అయిపోయి పెట్టె దానంతట అదే మూగపోయింది.

అప్పుడు తలెత్తి తమ్ముడికేసి చూసింది.

"ఎప్పణ్ణుంచిరా?"

"నీకు జ్వరం వచ్చిన ఆట నుంచి."

దర్శకుడు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, నాలుగులోనే పాడండి. ఎంత బాగుందో మీకు తెలియదు. వేణువు మార్చుకుంటాడు, అదేం పెద్ద పని కాదు" అన్నాడు. అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. అక్క అతని చెంప నిమిరి, "నీ తప్పేం లేదు బాబూ. ఆ అమ్మాయి చేత పాడించుకో. ముసలి రంగు వేస్తే సరిపోతుంది" అంది. చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

పెట్టె మావయ్య వెనకే నడుస్తూ వచ్చాడు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వేడి నేల మీద కూర్చున్నాక అడిగింది.

"అవతలి కంపెనీలో పెద్దావిడ ఉండేది, గుర్తుందా? ఆవిడ వేదిక మీదే, ఇవాళ్టి నుంచి ఐదులో పాడతాను, మన్నించండి అని జనానికి చెప్పి పాడింది. నేను ముందు వరసలో కూర్చుని నవ్వాను. ఆవిడకి వినబడేలాగే నవ్వాను."

అతను మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"అప్పటికి నేను ఎంతలో ఉన్నానురా?"

"అక్కా, ఇప్పుడవన్నీ..."

"ఎంతలో?"

"ఐదు."

అక్క కళ్ళు మూసుకుంది. కింద ఇస్త్రీపెట్టె బల్లకి తగిలిన చప్పుడు వినిపించింది. "ఆవిడ పోయేదాకా నాతో మాట్లాడలేదు. నేనూ వెళ్ళలేదు" అంది.

"నువ్వు బాధపడతావనే అక్కా. నీకు ఉన్నది అదొక్కటే కదాని."

"బాధ నాదిరా. నా బాధ నన్ను పడనివ్వాల్సింది. దిగిన రోజున మానేస్తానన్నాను. మానేసే రోజు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది, నువ్వు తలుపు తియ్యలేదు." కోపం లేకుండానే అంది: "నిన్ను నాటకంలో పెట్టుకోకపోతే పాడనన్నాను, చూడు. అప్పుడు నీకు వేళ్ళు నేర్పాను గానీ, నాతో నిజం చెప్పడం నేర్పలేదు. నా లోపమే."

తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు.

నాటకం వేశారు. బాగా ఆడింది. కుర్ర రాణి అమ్మాయే తల నెరిపించుకుని, నాలుగున్నరలో, పెట్టె తనే వాయించుకుంటూ చివరి పాట పాడింది. ఆమెకి నేర్పింది పెట్టె మావయ్యే. తెరపడ్డాక పాత్రలన్నీ వాద్యాలు పట్టుకుని వరసగా నిలబడ్డాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంతలో పాడిందని ఒక్కరూ అడగలేదు. అతను చివరి వరసలో కూర్చుని అది చూశాడు. పక్క కుర్చీ ఖాళీ.

అక్క ఆ తరవాత పాడలేదు. కూనిరాగం కూడా తియ్యలేదు. పలకరింపు మానలేదు, వంట మానలేదు, చిన్నోడా అనడం మానలేదు. అతనికి ఇష్టమని కూరలో పులుపు ఒక పిసరు ఎక్కువే వేస్తుంది. కొత్త పెట్టె గుడ్డ కప్పుకుని మూలనుంది. అతను పిల్లలకి పాఠాలు చెప్పడానికి వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి వాళ్ళ పెట్టెలే వాయిస్తాడు.

మొన్న ఒక పొద్దున అక్క బట్టలు ఉతికి, బకెట్టు చేతిలో పట్టుకుని, "బయట వాన ఉందేమిట్రా?" అని అడిగింది. అతను అప్పుడే పాలు తీసుకుని మెట్లెక్కి వచ్చాడు. "లేదక్కా, ఆరేయి. ఎండ కాస్తోంది" అన్నాడు.

ఆమె సరే అంది. బకెట్టు కింద పెట్టింది. మోకాళ్ళు పట్టుకుంటూ కిటికీ దాకా నడిచి, రెక్క తెరిచి, చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి తిప్పి చూసుకుంది.